పాత సస్పెన్షన్ ఫోర్క్ ఇంట్లోనే బాగుచేసుకోవడం: లక్షణం, కారణం, పరిష్కారం

పది పదిహేనేళ్లు తిరిగిన మౌంటెన్ బైక్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని గతుకుల్ని మింగే భాగం) మొరాయిస్తే, దాని పని అయిపోయిందని పక్కన పెట్టేస్తారు చాలామంది. నిజానికి అందులో లోహం చెడేది తక్కువ. చెడేవి రబ్బరు, స్పాంజి, నూనె. ఈ మూడూ మార్చుకోగలిగినవే. అయితే ఏది చెడిందో తేల్చుకోకుండా సీల్ కిట్ తెప్పించి విప్పేస్తే, అంతా బిగించాక కూడా అదే జబ్బు కనిపిస్తుంది. నేను మొదటిసారి చేసిన పొరపాటు అదే. అందుకే ఇక్కడ లక్షణంతో మొదలుపెడుతున్నాను.

పేర్లు ఒకసారి చూసుకుందాం. పైనున్న నున్నటి గొట్టాలు స్టాంచన్లు. చక్రం బిగించే కింది భాగం లోయర్స్. లోయర్స్ లోపల స్టాంచన్లు జారేది బుషింగులనే రింగుల మీద. లోయర్స్ పై అంచున డస్ట్ సీల్, దాని కిందే స్పాంజి రింగు ఉంటాయి. చాలా ఫోర్కుల్లో బండి మీద కూర్చున్నవారికి ఎడమవైపు కాలులో స్ప్రింగు, కుడివైపు కాలులో డ్యాంపర్ (స్ప్రింగు ఊపును నూనెతో నెమ్మదింపజేసే భాగం) ఉంటాయి. స్ప్రింగు అంటే గాలైనా కావచ్చు, ఉక్కు కాయిల్ అయినా కావచ్చు.

విప్పేముందు గాలి ప్రెషర్ ఎంతుందో, రీబౌండ్ నాబ్ (కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగాన్ని మార్చేది) ఎన్ని క్లిక్కుల దగ్గరుందో రాసిపెట్టుకోండి. గాలి ఫోర్క్ అయితే గాలి మొత్తం తీసేయనిదే ఏ మూతా ముట్టుకోవద్దు. వాల్వ్ నొక్కి గాలి వదిలాక ఫోర్క్‌ని నాలుగైదుసార్లు కిందికీ పైకీ ఆడించి, మళ్లీ నొక్కండి. ప్రెషర్ ఉండగా టాప్ క్యాప్ (కాలు పై మూత) విప్పితే అది తుపాకీ గుండులా ముఖం మీదికి వస్తుంది.

ఫోర్క్ బిగుసుగా ఉంది, చిన్న గతుకులకు కదలట్లేదు

పాత ఫోర్కుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. గాలి తగ్గించినా మార్పు ఉండదు. చేత్తో నొక్కితే ముందు పట్టేసినట్టు ఆగి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. కారణం చాలాసార్లు ఒక్కటే: లోయర్స్‌లో నూనె ఆవిరైనట్టు మాయమైంది, స్పాంజి రింగు పొడిబారింది, బుషింగు స్టాంచన్ని పొడిగా రాస్తోంది.

దీనికి లోయర్స్ సర్వీస్ చేయాలి. చాలా కంపెనీలు దీన్ని దాదాపు 50 గంటల సవారీకి ఒకసారి చేయమంటాయి. చక్రం, బ్రేక్ క్యాలిపర్ తీసేసి, రీబౌండ్ నాబ్ ఊడదీసి, కాళ్ల అడుగున ఉన్న ఫుట్ బోల్టులను మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయవద్దు. ఆ బోల్టు తల మీద అలెన్ కీ ఆనించి ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా కొడితే లోపలి షాఫ్ట్ లోయర్స్ నుంచి విడివడుతుంది. బోల్టు మరలు కొన్ని లోపల పట్టుకునే ఉన్నాయి కాబట్టి షాఫ్ట్ చివర దెబ్బతినదు. ఇప్పుడు బోల్టులు తీసేసి, లోయర్స్‌ని నిటారుగా కిందికి లాగండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కింద పెట్టిన పళ్లెంలోకి కారే నూనెను పారేయకండి. రెండు కాళ్ల నూనెనూ విడివిడిగా, కొలత గీతలున్న చిన్న కప్పుల్లో పట్టండి. ఫోర్క్ లోపల ఏం జరుగుతోందో ఇంత స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. పోసినంత నూనె, కాస్త రంగు మారి వచ్చిందా? అంతా బాగున్నట్టే. చుక్కలుగా, నల్లగా, బురదలా వచ్చిందా? దుమ్ము లోపలికి పోతోంది, సీల్ మార్చాలి. తెల్లగా మజ్జిగలా ఉందా? నీళ్లు చేరాయి. డ్యాంపర్ కాలు నుంచి పోసినదానికంటే చాలా ఎక్కువ వచ్చిందా? డ్యాంపర్ లీకవుతోంది, దాని సంగతి కింద చెబుతాను. వెలుతురులో కప్పు తిప్పినప్పుడు సన్నటి మెరుపు కదిలితే, ఏదో లోహం అరుగుతోంది. బుషింగుల్ని జాగ్రత్తగా చూడాలి. నా ఫోర్క్‌లో స్ప్రింగు కాలు నుంచి చెంచాడు నల్లటి జిగురు, డ్యాంపర్ కాలు నుంచి అరకప్పు ఎర్రటి నూనె వచ్చాయి. కొత్త సీల్స్ వేసినా జబ్బు ఎందుకు పోలేదో అప్పుడు అర్థమైంది.

లోయర్స్ లోపల ఒక పొడుగాటి కర్రకు దారాలు రాలని గుడ్డ చుట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చేయాలి. పాత సీల్ తీయడానికి పెద్ద స్పానర్ గానీ, మందపాటి టైర్ లీవర్ గానీ వాడండి. లోయర్స్ మెగ్నీషియంతో చేసినవి, అంచు మెత్తన. అందుకని లీవర్ కింద మడిచిన గుడ్డ పెట్టండి. స్పాంజి రింగులు చేతిలోనే పొడిపొడి అయిపోతే ఆశ్చర్యపడొద్దు, ఆ వయసుకి అది మామూలే. కొత్త రింగుల్ని నూనెలో బాగా నానబెట్టి వేయండి. కొత్త సీల్‌ని సరైన కొలత సాకెట్‌తో గానీ, పీవీసీ పైపు ముక్కతో గానీ అంచంతా సమంగా దిగేలా నొక్కాలి. ఒకవైపు ముందు దిగితే తీసి మళ్లీ మొదలుపెట్టండి, బలవంతం చేయవద్దు.

సీల్ పెదవికి సస్పెన్షన్ గ్రీజు పలుచగా రాయండి. సైకిల్ బేరింగులకు వాడే మామూలు గ్రీజు వద్దు, కొన్ని రకాలు సీల్ రబ్బరును ఉబ్బిస్తాయి. లోయర్స్ ఎక్కించేటప్పుడు సీల్ పెదవి లోపలికి మడతపడిందేమో వేలితో తడిమి చూడాలి. సగం ఎక్కించి, ఫోర్క్‌ని తలకిందులుగా వంచి, బోల్టు రంధ్రం గుండా సిరంజితో నూనె పోయండి. చాలా ఫోర్కులకు కాలుకి 5 నుంచి 15 మి.లీ. సరిపోతుంది, కచ్చితమైన లెక్క మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. 1997లో వచ్చిన మార్జోకీ బాంబర్ జెడ్1 లాంటి ఓపెన్ బాత్ ఫోర్కుల లెక్క వేరు. వాటిలో డ్యాంపింగ్ నూనే లోయర్స్‌నీ తడుపుతుంది కాబట్టి ఒక్కో కాలుకీ ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. ఫుట్ బోల్టుల కింద క్రష్ వాషర్లు (బిగిస్తే నలిగి నూనె కారకుండా ఆపేవి) కొత్తవే వేయాలి. బిగింపు సుమారు 7 న్యూటన్ మీటర్లు చాలు.

ఫుట్ బోల్టు తిరుగుతూనే ఉంది, ఊడి రావట్లేదు

బోల్టుతోపాటు లోపలి షాఫ్ట్ కూడా తిరుగుతోంది. ఫోర్క్‌ని గట్టిగా కిందికి నొక్కి పట్టుకుని విప్పి చూడండి. ఇంకొకరి సాయం ఉంటే మేలు. గాలి కాలు అయితే, ఈ ఒక్క పనికి మాత్రం కాస్త గాలి ఎక్కించి పట్టు వచ్చేలా చేయొచ్చు. బోల్టు ఒక చుట్టు వదులవగానే గాలి మొత్తం తీసేయాలి. ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే ఒక్క దెబ్బకి వస్తుంది.

సీల్ దగ్గర నూనె చెమ్మ

సవారీ తర్వాత స్టాంచన్ మీద సన్నటి నూనె గీత కనిపిస్తే అది లోపం కాదు, కావాల్సిందే. ఆ గీత అసలు లేకపోతేనే టెన్షన్ పడాలి. గీత కాకుండా నూనె కాలువలా కారి అడుగున చుక్క కడుతుంటే సీల్ పోయినట్టు, లేదా స్టాంచన్ మీద గీత పడినట్టు.

ఇది తేల్చడానికి గోరు చాలు. స్టాంచన్ తుడిచి, గోరును పైనుంచి కిందికి, తర్వాత చుట్టూ నడపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడే కొత్త సీల్ కూడా పాడవుతుంది. పైకి లేచిన అంచును 2000 నంబర్ నీటి గరుకు కాగితంతో, ఆ ఒక్క చోటే, తడిగా నెమ్మదిగా రుద్ది నున్నగా చేయండి. గుంట లోతుగా ఉంటే ఎపాక్సీ నింపి, ఆరాక సమం చేయొచ్చు. సీల్ దాకా రాని పై భాగంలో గీతలుంటే వదిలేయండి. అల్యూమినియం స్టాంచన్ మీద రంగుపూత అరిగి లోపలి తెల్లటి లోహం పట్టీలా బయటపడితే మాత్రం ఇంట్లో చేయగలిగేదేమీ లేదు.

అడుగున బోల్టు దగ్గర కారుతుంటే అది సీల్ సమస్య కాదు, క్రష్ వాషర్ సమస్య.

గాలి నిలవట్లేదు

ఎక్కడ కారుతోందో ముందు తేల్చాలి. గాలి ఎక్కించి, వాల్వ్ మీదా టాప్ క్యాప్ చుట్టూ సబ్బు నీళ్లు వేయండి. వాల్వ్ మధ్యలో బుడగలొస్తే వాల్వ్ కోర్ బిగించండి, లేదా మార్చండి. క్యాప్ అంచున వస్తే ఓ-రింగ్ మార్చండి. షాక్ పంపు ఊడదీసేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం పంపు గొట్టంలోని గాలిది, ఫోర్క్‌ది కాదు.

పైన ఎక్కడా బుడగలు లేవు, అయినా మర్నాటికి ప్రెషర్ పడిపోయింది. అంటే గాలి లోపలే దారి మళ్లింది. ఎయిర్ షాఫ్ట్ అడుగు సీల్ పోతే గాలి లోయర్స్‌లోకి దిగుతుంది. ఫుట్ బోల్టు విప్పగానే బుస్సుమంటే ఇదే. పిస్టన్ సీల్ పోతే గాలి నెగటివ్ ఛాంబర్‌లోకి (పిస్టన్ కింది గాలి గది) చేరి, ఫోర్క్‌ని లోపలికి లాగేస్తుంది. ఎంత గాలి కొట్టినా ఫోర్క్ పొట్టిగా కుంగే ఉంటుంది. ముందు గాలి తీసేసి, ఫోర్క్‌ని పూర్తిగా సాగదీసి, కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ ఆడించి చూడండి. మళ్లీ కుంగితే సీల్ మార్చక తప్పదు.

ఒక హెచ్చరిక. గాలి తీసేశాక కూడా ఫోర్క్ సాగకుండా కుంగే ఉంటే, నెగటివ్ ఛాంబర్‌లో ప్రెషర్ చిక్కుకుని ఉంది. అలాంటిదాని సర్క్లిప్ (లోపలి భాగాలను పట్టి ఉంచే రింగు) ఇంట్లో తీయకండి, లోపలి భాగాలు విసురుగా బయటికి వస్తాయి. మెకానిక్‌కి ఇవ్వండి.

పాత మోడల్‌కి కిట్ దొరకకపోతే గుండ్రటి ఓ-రింగుల్ని కొలిచి తెచ్చుకోవచ్చు. రింగు లోపలి వ్యాసం, రబ్బరు మందం వెర్నియర్‌తో కొలవండి. పాత రింగు సాగిపోయో అణగిపోయో ఉంటుంది కాబట్టి, అది కూర్చునే గాడిని కూడా కొలిస్తే నమ్మకం. నైట్రైల్ రబ్బరు రింగు అడగండి. ఈపీడీఎం వద్దు. అది డాట్ బ్రేక్ ఫ్లూయిడ్‌కి పనికొస్తుంది గానీ మినరల్ నూనెలో ఉబ్బి పాడవుతుంది.

రీబౌండ్ నాబ్ ఎంత తిప్పినా తేడా లేదు

ఫోర్క్ నొక్కి వదిలితే స్ప్రింగులా ఎగిరి టక్కుమని పైన తగులుతుంది. డ్యాంపర్‌లో నూనె తగ్గింది, లేదా గాలి చేరింది. కప్పులో డ్యాంపర్ కాలు నుంచి నూనె ఎక్కువ వచ్చి ఉంటే అనుమానమే అక్కర్లేదు. డ్యాంపర్ అడుగున షాఫ్ట్ బయటికొచ్చే చోట ఉన్న సీల్ పోయింది.

స్టాంచనే నూనె డబ్బాగా పనిచేసే ఓపెన్ రకమైతే ఇంట్లో చేసుకోవచ్చు. టాప్ క్యాప్ తీసి, నూనె వంపి, అడుగు సీల్ హెడ్ ఓ-రింగులు మార్చి, మాన్యువల్ చెప్పిన ఎత్తు దాకా కొత్త నూనె పోసి, బుడగలు ఆగేదాకా షాఫ్ట్‌ని నెమ్మదిగా ఆడించాలి. మూసి ఉన్న కార్ట్రిడ్జ్ రకమైతే గాలి పూర్తిగా తీయడానికి ఓపికా, కొన్నిటికి ప్రత్యేక పనిముట్లూ కావాలి.

నూనె డబ్బా మీది వెయిట్ అంకెను గుడ్డిగా నమ్మవద్దు. ఒక కంపెనీ 5 వెయిట్ ఇంకో కంపెనీ 5 వెయిట్ అంత చిక్కగా ఉండదు. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఎంతో చూసి పోల్చండి.

బ్రేక్ వేస్తే ముందుభాగం లొడలొడ

మొత్తం నేరం ఫోర్క్ మీద వేయకముందు మూడుచోట్ల చూడాలి. ముందు బ్రేక్ పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. వేలిని హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కింది కప్పు, ఫోర్క్ క్రౌన్ (రెండు స్టాంచన్లనూ కలిపే పై భాగం) కలిసేచోట పెట్టండి. అక్కడ కదిలితే హెడ్‌సెట్ వదులు. వేలిని డస్ట్ సీల్, స్టాంచన్ కలిసేచోటికి తెచ్చి మళ్లీ ఊపండి. అక్కడ తెలిస్తే బుషింగ్ అరిగింది. రెండుచోట్లా లేకుండా టక్కుమంటే డిస్క్ ప్యాడ్లు క్యాలిపర్‌లో ఆడుతున్నాయేమో చూడండి.

బుషింగులు కొట్టి తీయడానికీ, కొత్తవి కూర్చోబెట్టి కొలతకి తేవడానికీ ప్రత్యేక పనిముట్లు కావాలి. ఆ పని అవి ఉన్నవాళ్లకే వదలండి. కొంచెం ఆట ఉన్నా నూనె నిండుగా ఉంటే ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది.

చివరి అంగుళం ట్రావెల్ (ఫోర్క్ కుంగే దూరం) రావట్లేదు

గాలి ఎక్కువైందా, లోయర్స్‌లో నూనె ఎక్కువ పోశారా, లోపల గాలి చిక్కిందా, ఈ వరసలో చూడండి. చిక్కిన గాలిని తీయడానికి ఫోర్క్‌ని సాగదీసి, గ్రీజు రాసిన సన్నటి జిప్ టై తోకను సీల్ పెదవి కిందికి జాగ్రత్తగా పోనిస్తే బుస్సున పోతుంది.

1990ల నాటి ఎలాస్టోమర్ ఫోర్క్ రాయిలా ఉంది

ఆ కాలపు చాలా ఫోర్కుల్లో స్ప్రింగు బదులు యూరిథేన్ ముద్దలుండేవి. వయసుకి అవి గట్టిపడతాయి, లేదా జిగురై కరిగిపోతాయి. వాటికి సర్వీస్ లేదు. అదే వ్యాసం, అదే పొడవు వచ్చేలా ఉక్కు కాయిల్ వేసుకోవడమే దారి.

బిగించాక

రాసిపెట్టుకున్న ప్రెషర్‌కి గాలి ఎక్కించి, సవారీ బట్టలతో బండి మీద కూర్చుని ఎంత దిగుతుందో స్టాంచన్ మీది రబ్బరు రింగుతో చూడండి. క్రాస్ కంట్రీకి మొత్తం ట్రావెల్‌లో 15 నుంచి 20 శాతం, రాళ్లబాటలకు 25 నుంచి 30 శాతం దిగాలి. క్రౌన్ దగ్గర, లోయర్స్ వంపు దగ్గర టార్చి వేసి పగుళ్లు వెతకండి. గీతలాంటిది కనిపించినా ఆ ఫోర్క్ ఎక్కకండి. క్రౌన్‌లో స్టాంచన్ కిర్రుమంటుంటే అది ప్రెస్ చేసిన జాయింట్, ఇంట్లో బాగుకాదు.

ఫోర్క్‌ని ఆ రాత్రి తలకిందులుగా ఉంచితే స్పాంజి రింగులు మళ్లీ నూనె తాగుతాయి. పొద్దున్నే ప్రెషర్ మరోసారి కొలిచి, ఫుట్ బోల్టుల కింద తెల్లకాగితం పెట్టి, గంట తర్వాత మరక పడిందేమో చూసి బయల్దేరండి.