బాస్కెట్‌బాల్‌లో అటాక్ ఎట్లా ఆడాల: కొత్తగా నేర్చుకునే పిలకాయలకు

తిరుపతిలో సాయంత్రం ఎండ రోంత తగ్గినాక ఏదన్నా కాలేజీ గ్రౌండ్ పక్కన నిలబడి చూడండి, సిమెంటు కోర్టులో పిలకాయలు ఆడతా ఉంటారు, బాల్ ఒకడి చేతికి రాగానే మిగతా నలుగురూ వాడి దగ్గరికి ఉరికి "నాకియ్, నాకియ్" అని అరుస్తారు. గంగజాతరలో గుడి ముందర మాదిరి అందరూ ఒకే తావున చేరిపోతే ఎంత బాగా డ్రిబుల్ (బాల్ నేలకి కొట్టుకుంటా పోవడం) చేసేవాడికైనా సందు యాడ దొరుకుతుంది? నువ్వు వాడి దగ్గరికి పోయేటప్పుడు నిన్ను కాసే డిఫెండర్‌ని కూడా వెంటబెట్టుకొని పోతా ఉండావు, ఇది గుర్తుపెట్టుకో.

ఒక లెక్క చూడు. మ్యాచ్ 40 నిమిషాలు, అందులో సగం టైమ్ బాల్ మన టీమ్ దగ్గర ఉందనుకుంటే 20 నిమిషాలు, దాన్ని అయిదుగురికి పంచితే ఒక్కొక్కరి చేతిలో నాలుగు నిమిషాలే. మిగతా 16 నిమిషాలు అటాక్‌లో నువ్వు బాల్ లేకుండానే ఉంటావు. అందరూ ప్రాక్టీస్ చేసేదేమో ఆ నాలుగు నిమిషాల ఆటనే, అందుకే నేను ఆ 16 నిమిషాల గురించే ముందు చెప్తా ఉండా.

మొదటిది దూరం. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అటాక్‌కి మనం వాడుకునేది అందులో సగం. ఒకరు నడిమధ్యన పైన, ఇద్దరు రెండు పక్కలా, ఇద్దరు రెండు కార్నర్లలో, అందరూ త్రీ పాయింట్ లైన్ (రింగు చుట్టూ ఉండే పెద్ద వంపు గీత) బయట, ఒకరికొకరికి నాలుగైదు మీటర్లు ఎడం ఉండేట్టు నిలబడండి. కార్నర్‌లో ఉండేవాడికి "నాకు పనేం లేదు" అనిపిస్తుంది, కానీ వాడు ఆడ ఉండబట్టే వాడి డిఫెండర్ రింగు కిందికి పోయి సాయం చెయ్యలేడు, చేస్తే కార్నర్‌లో వీడు ఖాళీ. అది చాలా పెద్ద పని.

రెండోది కట్, అంటే బాల్ లేకుండా ఉన్నట్టుండి ఖాళీ తావుకి ఉరకడం. పాస్ ఇచ్చినాక గమ్మున నిలబడి చూడొద్దు. నువ్వు పాస్ ఇచ్చిన ఆ క్షణంలో నీ డిఫెండర్ తల బాల్ వైపు తిరుగుతుంది, సరిగ్గా అప్పుడే బిన్నా రింగు వైపుకి పోవాల, చెయ్యి ముందుకి చాపి చూపిస్తే నీ ఫ్రెండ్ ఆ చేతికే తిరిగి ఇస్తాడు. దీన్ని గివ్ అండ్ గో అంటారు, నా మటుకు నాకు కొత్తవాళ్ళు నేర్చుకోవాల్సిన మొదటి మూవ్ ఇదే, హైటు అక్కర్లేదు, స్పీడు కూడా జాస్తి అక్కర్లేదు, టైమింగ్ ఉంటే చాలు. డిఫెండర్ నీకు బాల్ రానీకుండా అడ్డంగా చెయ్యి పెట్టి గట్టిగా కాస్తా ఉంటే బయటికి ఒక అడుగు వేసినట్టు చేసి వాడి వీపు వెనక నుంచి లోపలికి పో, ఇది బ్యాక్‌డోర్. బాల్ రాకపోతే ఆడే నిలబడిపోకుండా ఖాళీగా ఉన్న కార్నర్‌కి పోవాల, పెయింట్‌లో, అంటే రింగు ముందర గీసిన పెట్టెలో, వరసగా మూడు సెకండ్లకు మించి ఉంటే వయొలేషన్ (రూలు తప్పినట్టు).

మూడోది స్క్రీన్, అంటే నీ ఫ్రెండ్‌ని కాసే డిఫెండర్ దారికి అడ్డంగా నువ్వు నిలబడడం. అది పెట్టేటప్పుడు కాళ్ళు నేలకి పాతినట్టు ఉండాల, కదిలి గుద్దితే ఫౌల్ నీ మీదే. స్క్రీన్ వాడుకునేవాడు మాత్రం నీ భుజానికి వాడి భుజం రాసుకుంటా పోవాల, మధ్యలో సందు వదిలితే డిఫెండర్ అందులోంచి దూరి వచ్చేస్తాడు.

ఇంక బాల్ చేతికొచ్చినాక. వెంటనే నేలకి కొట్టొద్దు, ఇది చానా మందికి ఉండే అలవాటు. డ్రిబుల్ ఒకసారి ఆపి బాల్ పట్టుకున్నావంటే మళ్ళా డ్రిబుల్ లేదు కదా, మరి దాన్ని ఊరికే ఎందుకు ఖర్చుపెట్టాల? మోకాళ్ళు వంచి, బాల్ నడుం దగ్గర పెట్టుకొని, రింగు వైపు మొహం తిప్పు. అక్కడి నుంచి షాట్ కొట్టొచ్చు, పాస్ ఇవ్వొచ్చు, డ్రైవ్ (డ్రిబుల్ చేస్తా రింగు వైపుకి దూసుకుపోవడం) పోవొచ్చు, మూడిట్లో ఏది చేస్తావో డిఫెండర్‌కి తెలీదు. ఒక కాలు పివట్‌గా నేల మీదే ఉంచి ఇంకో కాలితో చిన్న అడుగు ముందుకేసి చూడు, వాడు వెనక్కి జరిగితే షాట్, జరక్కపోతే వాడి పక్కనుంచి డ్రైవ్. డ్రైవ్‌కి పివట్ కాలు లేపకముందే బాల్ చేతిలోంచి వదలాల, లేదంటే ట్రావెల్, అంటే బాల్ పట్టుకొని నడిచిన తప్పు.

లేఅప్ అంటే రింగు దగ్గరికి ఉరికి ఎగిరి బాల్ వెయ్యడం, దానికి కుడి పక్క నుంచి పోతే ఆఖరి అడుగు ఎడమ కాలు, ఎగిరి కుడి చేత్తో బోర్డు మీది దీర్ఘచతురస్రం పైమూలకి మెత్తగా తగిలించాల. ఎడమ పక్కన ఇదే తిరగేసి. రింగు 3.05 మీటర్ల ఎత్తు అని భయపడి బలంగా కొడతారు, అవసరం లేదు. రెండు చేతులతోనూ నేర్చుకోండి, రోజుకి ఇరవై కుడి అయితే ముప్పై ఎడమ.

24 సెకండ్లలో షాట్ చేతిలోంచి వదలాల, అది రింగుకి తగలాల కాబట్టి టైమ్ లేదని కంగారుపడతారు గానీ, మనిషికి ఒక్కో సెకండు పట్టుకొని పాస్ ఇచ్చుకుంటే అందరి చేతికీ నాలుగు సార్లు బాల్ వచ్చినా ఇంకా టైమ్ ఉంటుంది.

దీనికంతా ఒక ఆట ఉంది, ముగ్గురికి ముగ్గురు, సగం కోర్టు, డ్రిబుల్ అసలు కొట్టకూడదు. పాస్, కట్, షాట్ అంతే. మొదటి రెండు రోజులు ఒక్క బాస్కెట్ కూడా పడక పిలకాయలు విసుక్కుంటారు, అయినా విడిచిపెట్టొద్దు, వారం తిరక్కముందే "నాకియ్" అనే అరుపులు తగ్గి కాళ్ళు కదలడం మొదలవుతుంది. మే నెలలో అయితే పొద్దున ఆరుకే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించేయండి, ఆ తర్వాత మన ఊరి సిమెంటు కోర్టు షూ లోపలికి కూడా కాలుతుంది. ఆడే ముందర కోర్టు మీద ఇసక ఒకసారి చిమ్మేయండి, కట్ చేసేటప్పుడు కాలు జారితే చీలమండ బెణుకుతుంది.