వేపపువ్వు ముందే రాలిపోతుంటే

ఈసారి బెంగళూరులో ఎండ తొందరగా ముదిరింది, మా వీధి కానుగలు అప్పుడే లేత ఆకు తొడిగేశాయి, వేప కూడా పూసేసింది. ఇలాంటి ఏడాదిలో ఉగాది నాటికి చెట్టున పువ్వు మిగలదు, పండగ ముందురోజు మార్కెట్లో వాడిపోయిన రెండు రెమ్మలకు ఎంత అడిగితే అంత ఇవ్వాల్సి వస్తుంది. పైగా ఉగాది ఒకే తేదీన రాదు కదా, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30.

అందుకే పువ్వు రాలుతున్నప్పుడే పట్టుకోండి. సాయంత్రం చెట్టు కింద పాత నూలు చీర పరిచి, పొద్దున్నే ఎండెక్కకముందు ఎత్తేయండి. కాడలు, పురుగులు ఏరేసి, పేపరు మీద పల్చగా పోసి, ఎండలో కాకుండా నీడలో 3 రోజులు ఆరబెట్టి, వేళ్లతో నలిపితే పొడి అయ్యేదాకా చూసి తడిలేని గాజుసీసాలో పెట్టండి. నలుగురి పచ్చడికి చెంచాడు చాలు. మిగిలింది నేతిలో వేయించి చారులో వేస్తే ఎంత బాగుంటుందో!

రాత్రి జల్లు పడి తడిసిన పువ్వు మాత్రం తీసుకోకండి, ఎంత ఆరబెట్టినా నల్లబడి బూజు పడుతుంది. బాగా బళ్లు తిరిగే రోడ్డు పక్క చెట్టయితే అసలు వద్దు.