టీఎన్‌ఎఫ్ ఉత్పత్తిని కణం ఏ దశలో అదుపు చేస్తోందో తేల్చడం ఎలా?

మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలకు ఏదో ఒక మొక్క సారాన్ని ఇచ్చి, ప్రోటీన్‌ను కొలిచే ఎలైసా పరీక్షలో టీఎన్‌ఎఫ్ (వాపును రేపే ప్రోటీన్) తగ్గిందని చూపి, ‘ఈ సారం జన్యువును అణచివేసింది’ అని రాసేయడం ప్రాజెక్టు నివేదికల్లో పరిపాటి. విశాఖపట్నంలో ఇటువంటి ప్రాజెక్టుకు పూనుకునే ఎమ్మెస్సీ విద్యార్థులు ఆ మాట రాసే ముందు అదుపు ఏ దశలో జరిగిందో విడదీసి చూడాలి.

ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) తగలగానే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్ జన్యువును పని చేయిస్తుంది. అయితే తయారైన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో ఎ, యు అక్షరాలు దట్టంగా ఉన్న వరుస ఒకటి ఉంటుంది. ట్రిస్టెట్రాప్రోలిన్ అనే ప్రోటీన్ దానిని పట్టుకుని ఆర్‌ఎన్‌ఏను త్వరగా నశింపజేస్తుంది, పీ38 అనే సంకేత మార్గం చురుకుగా ఉన్నంతసేపు మాత్రం ఆ పట్టు సడలి ఉంటుంది. ఆ వరుసను తొలగించిన ఎలుకలకు కీళ్లవాపు, పేగువాపు వచ్చాయని 1999లోనే వెల్లడైంది కనుక ఈ దశను చిన్నచూపు చూడరాదు.

రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్ కణాలను ముందురోజు సాయంత్రం ప్లేటులో వేసి, మర్నాడు మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఎల్‌పీఎస్ ఇవ్వాలి. 0, 1, 2, 4 గంటలకు పైద్రవాన్ని ఎలైసాకు, అడుగున అతుక్కున్న కణాలను ఆర్‌ఎన్‌ఏను కొలిచే రియల్ టైమ్ పీసీఆర్‌కు తీసుకోవాలి. ఎల్‌పీఎస్ ఇవ్వని బావిలోనూ (ప్లేటులోని గుంటలోనూ) టీఎన్‌ఎఫ్ కనిపిస్తే ఆ ప్లేటును పక్కన పెట్టడమే మంచిది. వానాకాలంలో మన సముద్రపు తేమకు ఇంక్యుబేటర్లో చేరే బూజు కూడా ఈ కణాలను రెచ్చగొట్టగలదు. సారం వల్ల కణాలు చనిపోలేదని ఎంటీటీ పరీక్షతో ముందే నిర్ధారించుకోవాలి.

అసలు కీలకం తరువాతి ప్రయోగంలో ఉంది. ఎల్‌పీఎస్ ఇచ్చిన గంటకు మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల ఆక్టినోమైసిన్ డి కలిపితే కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది, కాబట్టి 0, 15, 30, 60 నిమిషాలకు మిగిలినదే దాని ఆయుష్షును చెబుతుంది. ఇది విషపదార్థం, వెలుతురు పడదు, గ్లవ్స్ తప్పనిసరి. పోలిక కోసం ఒక వరుస బావులలో పీ38ను నిరోధించే ఎస్‌బీ203580 వేస్తే అక్కడ ఆర్‌ఎన్‌ఏ వేగంగా తరగాలి. సారం ఇచ్చిన బావులలోనూ అలాగే తరిగితే, సారం పని జన్యువు దగ్గర కాక ఆర్‌ఎన్‌ఏ నిలకడ దగ్గర జరిగిందని అనుమానించాలి.

ఆర్‌ఎన్‌ఏ మోతాదు, ఆయుష్షు రెండూ మారకుండా ఎలైసా విలువ ఒక్కటే తగ్గితే ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి పట్టీలుగా విడదీసి చూపే వెస్టర్న్ బ్లాట్ చేయాలి. కణపొరలో 26 కిలోడాల్టన్ల పట్టీ పేరుకుపోయి, పైద్రవంలో 17 కిలోడాల్టన్ల పట్టీ పలచబడితే, టీఎన్‌ఎఫ్‌ను పొర నుంచి కోసి వదిలే టేస్ ఎంజైము పని కుంటుపడి ఉండవచ్చు; రెండు పట్టీలూ తగ్గితే ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారయ్యే అనువాద దశను పరిశీలించాలి.