చెట్టుకి ఊదా రంగేస్తే వేయనివ్వండి: నర్సరీ పిల్లలతో బొమ్మలు గీయించడం

మూడేళ్ళ పిల్లాడికి కలరింగ్ బుక్ ఇచ్చి గీత దాటకుండా నింపమంటాం, వాడు రెండు పేజీలు గీకేసి లేచిపోతాడు, ఇంక మావాడికి డ్రాయింగ్ ఇంట్రెస్ట్ లేదండీ అని తేల్చేస్తాం. ముందు ఆ బుక్ పక్కన పెట్టేయండి. వాడికి కావాల్సింది ఖాళీ కాగితం, అదీ పెద్దది. పాత క్యాలెండర్ షీట్ల వెనకవైపు, పార్సిలొచ్చిన అట్టపెట్టె విప్పదీస్తే లోపలివైపు చాలు, నేలమీద పరిచి నాలుగు మూలలా టేప్ వేయండి, కాగితం జరిగిపోతుంటే పిల్లలకి చిరాకొచ్చేస్తుంది.

క్రేయాన్స్ లావుపాటివి ఐదారు రంగులు చాలు, పెద్ద డబ్బా కొనక్కర్లేదు. విరిగితే పారేయొద్దు, చిన్న ముక్కని గుప్పిట్లో పట్టుకుని గీయడం కుదరదు కాబట్టి వేళ్ళ కొసలతోనే పట్టుకోవాలి, రేపు పెన్సిల్‌కి అదే ప్రాక్టీసు. ఎండాకాలం మాత్రం బాల్కనీలో వదలకండి, మన బెజవాడ ఎండకి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి.

రెండేళ్ళప్పుడు ఉత్త పిచ్చిగీతలే. మూడేళ్ళకి అటూఇటుగా సున్నా చుట్టడం వస్తుంది, ఆ తర్వాత ఆ సున్నాకే కాళ్ళు తగిలించి ఇది అమ్మ అంటారు, పొట్ట ఉండదు. పొట్టేదిరా అని అడక్కండి, అదే వస్తుంది.

అసలు చిక్కల్లా "నువ్వే గీసివ్వు" అన్నప్పుడు. మీరు నీటుగా ఏనుగు గీసిచ్చారంటే ఇంక వాడు గీసింది వాడికే నచ్చదు. తొండం ఎటుంటుంది, చెవులు ఎంతెంత ఉంటాయి అని అడుగుతూ పెన్సిల్ వాడి చేతిలోనే ఉంచండి. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదకి తీసుకెళ్ళొచ్చి గీయమంటే, అక్కడ గేట్లు 70 ఉన్నా వాడు మూడే గీసి పక్కన బ్యారేజీ కంటే పెద్ద చేపని పెడతాడు. లెక్క సరిచేయకండి, ఆ చేప ఎక్కడికెళ్తుందో అడగండి, పావుగంట కబుర్లు చెప్తాడు. నాయనమ్మ వచ్చి ఆకాశం నీలం కదరా నాన్నా అంటే ఆవిణ్ణి కూడా మెల్లిగా ఆపాలి, అదే కాస్త కష్టం!

ఊరికే సూపర్ అనేసి ఫోన్లోకి వెళ్ళిపోవద్దు, "ఇక్కడ ఎరుపు గట్టిగా నొక్కావే" అని కనిపించింది చెప్పండి.

రంగులకి ఒక సరదా: పసుపు నీళ్ళతో కాగితం మీద పూయనిచ్చి, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచిన దూదితో దానిమీద గీయమనండి, తాకిన చోటల్లా ఎర్రగా మారుద్ది. పాత బనీను వేయండి, పసుపు మరక ఓ పట్టాన వదలదు. మీరు ముగ్గేస్తుంటే పక్కన కూర్చుంటారుగా, గుప్పెడు బియ్యప్పిండి ఇవ్వండి. ఎండ తగ్గాక డాబా మీద బకెట్ నీళ్ళు, పాత బ్రష్షు ఇస్తే పిట్టగోడంతా గీస్తారు, ఆరిపోద్ది, మళ్ళీ గీస్తారు.

అద్దింట్లో గోడల భయమా? టైల్స్ మీద క్రేయాన్ అయితే కొబ్బరినూనె రాసి తుడిచి సబ్బునీళ్ళతో కడిగేయండి. డిస్టెంపర్ గోడకి మాత్రం నూనె పెట్టకండి, గీత పోయినా జిడ్డు మరక ఉండిపోద్ది, ఓనర్‌కి అదే ముందు కనపడుద్ది.