పాత ఇల్లు బాగుచేసి అద్దెకిద్దాం – 3వ పాఠం: గోడకు తడి ఎక్కడిది?

పోయిన పాఠంలో చెప్పినట్టు ప్రతి పగులు కొసలోనూ పెన్సిల్ గీత గీసి, పక్కన తేదీ వేశారు కదా? వాటినలా వదిలేయండి. పగులు పెరుగుతోందో లేదో తేలడానికి నెలలు పడుతుంది. ఈలోపు తడి సంగతి చూద్దాం.

అద్దె కోసం పాత ఇల్లు కొన్నవాళ్లు ముందు చేయించేది రంగులు. ఫొటోలు బాగా వస్తాయి మరి! నేనూ అదే చేశాను. నాలుగు వానలు పడగానే పెచ్చులూడాయి. అదే గోడకు రెండుసార్లు రంగు డబ్బులు పెట్టాను.

తడి పైనుంచి కారొచ్చు, నేలలోంచి ఎక్కొచ్చు, లేదా గదిలో గాలే చల్లటి గోడకు తగిలి చెమర్చొచ్చు. నేల చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు, పై అంచున తెల్లటి ఉప్పు చార కడుతుంది. గాలి చెమ్మేమో అన్న అనుమానముంటే అల్యూమినియం ఫాయిల్ ముక్కను గోడకు ఆనించి, నాలుగంచులూ టేపుతో మూసేయండి. రెండు రోజుల తర్వాత గది వైపు తడి కనిపిస్తే గాలిదే. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో చాలావరకు తీరిపోతుంది. ఫాయిల్ వెనక తడి ఉంటే గోడలోదే. తడికి టేపు అసలు అంటుకోకపోయినా గోడ చెమ్మగా ఉందన్న జవాబు వచ్చినట్టే!

ఇప్పుడు ఇళ్లకు వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ ఇచ్చిందే 1824లో. ఇళ్లదాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి మీది నిజంగా పాత ఇల్లయితే గోడలో ఉన్నది సున్నమో, మట్టో అయివుంటుంది. పాత తాళంచెవితో ఇటుకల మధ్య అతుకులో గీకి చూడండి. తెల్లగా, పొడిపొడిగా రాలితే సున్నం. అది తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూశారనుకోండి, తడికి బయటికి దారుండదు. ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. "సిమెంటైతే గట్టిగా ఉంటుందండీ" అని మేస్త్రీ అంటాడు. ఆ గట్టితనమే మనకొద్దు. సున్నపు పని తెలిసిన మనిషి దొరికేదాకా ఆగండి.

దానికంటే ముందు బయటికెళ్లి చూడండి. ఏళ్లతరబడి మట్టి పేరుకుని బయటి నేల లోపలి నేలకంటే ఎత్తయిపోయి ఉంటుంది. దాన్ని తవ్వి దించడం, వాననీటి గొట్టాన్ని గోడకు దూరంగా మళ్లించడం – ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. తర్వాత గోడ ఆరాలి. లావుపాటి గోడకు నెలలు పడుతుంది, అన్నాళ్లూ అద్దె రాదు. లోను వాయిదా మాత్రం ఆగదు. ఆ నెలల్ని ఖర్చు లెక్కలో ఇప్పుడే రాసుకోండి.

ఈ వారం పని: ఇంటి ప్లాను గీసి తడి మచ్చలన్నీ గుర్తుపెట్టండి, వాన పడ్డాక మళ్లీ చూసి ఏవి పెద్దవయ్యాయో రాయండి. ఆ కాగితం దగ్గరుంచుకోండి, వచ్చే పాఠంలో పాత వైరింగ్ చూసేటప్పుడు అవసరమవుతుంది.