ఆఫ్రికన్ వయొలెట్ మన కిటికీలో విడవకుండా పూయాలంటే

బెంగళూరు అపార్ట్‌మెంట్లో పెంచుకోవడానికి పూలమొక్క ఒక్కటి చెప్పమంటే నేను ఆఫ్రికన్ వయొలెట్ పేరే చెబుతాను. బాల్కనీ అక్కర్లేదు, తోటమట్టి అక్కర్లేదు, అరచేతిలో ఇమిడే కుండీ చాలు. కుదురుకుందంటే నెలల తరబడి పూస్తుంది, కొన్నాళ్లు ఆగి మళ్లీ మొగ్గ తొడుగుతుంది. కానీ నర్సరీ నుంచి పూలతో తెచ్చుకున్న మొక్క ఆ పూలు రాలాక మళ్లీ పూయలేదనో, మొవ్వు కుళ్లి పోయిందనో చెప్పేవాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. మొక్క చచ్చిపోయిందంటే చాలావరకు తేడా వేళ్ల దగ్గర వచ్చింది. బతికి ఉండీ పూయట్లేదంటే వెలుతురు చాలట్లేదు. ఎరువు సంగతి ఆ తర్వాతే.

దీని పుట్టిల్లు చూస్తే ఎందుకో తెలుస్తుంది. టాంజానియాలోని ఉసంబర కొండల్లో ఇది నాచు పట్టిన బండల మీద, రాళ్ల సందుల్లో, పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. 1892లో అక్కడ జర్మన్ అధికారిగా ఉన్న వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ దీన్ని జర్మనీలోని తండ్రికి పంపాడు. మరుసటి ఏడాది హెర్మన్ వెండ్‌లాండ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ ఇంటిపేరు మీదే సెయింట్‌పాలియా అని పేరు పెట్టాడు. బండ మీద గుప్పెడు ఆకు చెత్తలో వేరు పాకించే మొక్క ఇది. వాన పడుతుంది, నీళ్లు జారిపోతాయి, వేరుకు తడీ అందుతుంది, గాలీ అందుతుంది. ఎండ నేరుగా తగలదు, చెట్ల ఆకుల్లోంచి దిగిన వెలుగు మాత్రం పగలంతా ఉంటుంది. ఇంట్లో మనం ఏర్పాటు చేయాల్సింది ఈ రెండే.

చలీ వేడీ సంగతి బెంగళూరే చూసుకుంటుంది. 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంట్లో 20 నుంచి 27 డిగ్రీల మధ్యే ఉంటుంది, దానికి కావలసిందీ అదే. విజయవాడలో ఉన్న మా చెల్లెలికి కూడా ఇద్దామనుకున్నాను గానీ, అక్కడి మే నెలకి పగలూ రాత్రీ ఏసీ వేసి ఉంచితే తప్ప బతకదు. మనకు కష్టం ఏప్రిల్‌లోనే. 35 డిగ్రీలు తగిలే మధ్యాహ్నాల్లో కుండీలను కిటికీ నుంచి ఇంటి లోపలికి జరిపి, పక్కన వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెడతాను. అంతకుమించి ఏమీ చెయ్యను.

కొనేటప్పుడు పూలు చూసి మోసపోవద్దు. లాల్‌బాగ్ సిద్దాపుర గేటు వైపు నర్సరీల్లో గానీ, జనవరిలోనూ ఆగస్టులోనూ జరిగే ఫ్లవర్ షో రోజుల్లో గానీ మొక్క దొరికితే ముందు ఆకు ఎత్తి అడుగున చూడండి. దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి, అది వద్దు. మొవ్వు గట్టిగా, లేత ఆకుపచ్చగా ఉండాలి. ఇంటికి తెచ్చాక నెల రోజులు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి.

ఇక వేళ్ల సంగతి. ఆ మధ్య మా పై ఫ్లోర్లో ఉండే ఒంగోలు అమ్మాయి కుండీ పట్టుకుని వచ్చింది. “అన్నా, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా, అయినా ఆకులు వాడిపోతున్నాయి. ఇంకా పొయ్యాలా?” అంది. కుండీని బోర్లించి మొక్కను మెల్లగా లాగాను. ఎర్రమట్టి ముద్ద తడితడిగా కుండీ ఆకారంలోనే బయటికొచ్చింది, కింది సగం బురద వాసన. వేరు పట్టుకుంటే పైతోలు నా చేతివేళ్లకు ఊడి వచ్చింది, లోపల దారంలాంటి ఈనె మిగిలింది. “చూడమ్మా, దీనికి నీళ్లు లేక కాదు, తాగడానికి వేరు లేక వాడింది” అన్నాను. మట్టి తడిగా ఉండి ఆకు వాడిందంటే అర్థం దాదాపు ఎప్పుడూ ఇదే. అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే ఆ మిగిలిన వేరు కూడా పోతుంది. కుళ్లింది మొత్తం తీసేసి, కింది ఆకులు తుంచి, మిగిలిన మొవ్వును కొత్త మిశ్రమంలో కూర్చోబెట్టి పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ తొడిగాం. గాలిలో తేమ నిలిచి ఉంటే కొత్త వేరు వేసేదాకా ఆకులు వాడవు.

మిశ్రమంలో మట్టి వద్దే వద్దు. కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొడి, పెర్లైట్ అంటే తేలికపాటి తెల్ల గుళికలు, వెర్మిక్యులైట్ అంటే తడి పట్టి ఉంచే ఖనిజపు పలుకులు, ఈ మూడూ సమానంగా కలపండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, పిండి, కనీసం మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. అందులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడితే వేరు కొసలు మాడతాయి. పిడికిట్లో పట్టి నొక్కి వదిలితే ముద్ద కాకుండా విడిపోవాలి.

కుండీ చిన్నది కావాలి, ఈ మాట చాలామందికి రుచించదు. ఆకులు పరుచుకున్న వెడల్పులో మూడో వంతు ఉంటే చాలు. తొమ్మిది అంగుళాల మొక్కకు మూడు అంగుళాల కుండీ. పెద్ద కుండీలో వేరు అందని చోట తడి ఆరదు, కుళ్లు మొదలయ్యేది అక్కడే. పైగా వేళ్లు కుండీ అంతా అల్లుకున్నాకే ఇది పూతకు వస్తుంది. నేను ప్లాస్టిక్కే వాడతాను. మట్టి కుండీ అంచు మీద బోరు నీళ్ల ఉప్పు పేరుకుని, దానికి ఆనుకున్న ఆకు కాడలు కమిలిపోతాయి.

నీళ్లు పళ్లెంలో పోసి అడుగు నుంచి పీల్చుకోనివ్వడం మేలు. అరగంటయ్యాక మిగిలినవి పారబోయండి. మళ్లీ ఎప్పుడు పొయ్యాలో వారం లెక్కన కాదు, కుండీ ఎత్తి చూసి తెలుసుకోవాలి. తేలిగ్గా ఉండి, పైన ముట్టుకుంటే పొడిగా తగిలితే పొయ్యండి. నీళ్లు గది వేడికి రావాలి. డిసెంబరు పొద్దున ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే చల్లటి నీళ్లు ఆకు మీద పడితే లేత పసుపు వలయాలు పడతాయి, అవి ఇక పోవు. నేను రాత్రే సీసాలో పట్టి పెట్టుకుంటాను. కావేరి నీళ్లు పర్వాలేదు. బోరు, ట్యాంకర్ నీళ్లయితే వాననీళ్లతోనో ఆర్‌ఓ నీళ్లతోనో కలిపి వాడండి. నెలకోసారి పైనుంచి ధారాళంగా పోసి అడుగు నుంచి కారిపోనిస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మొవ్వులో నీళ్లు నిలిస్తే టిష్యూ కొసతో అద్దేయాలి.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు నీళ్ల టెన్షన్ లేకుండా ఒత్తి పద్ధతి ఉంది. స్వెటర్లు అల్లే యాక్రిలిక్ ఊలు దారాన్ని కుండీ అడుగు చిల్లులోంచి లోపలికి దూర్చి, రెండో కొస మూతకు చిల్లు పెట్టిన పెరుగు డబ్బాలోని నీళ్లలో వేలాడదీయాలి. నూలు దారం వద్దు, కుళ్లుతుంది. ఒత్తి పెట్టే కుండీలో పెర్లైట్ సగం ఉండాలి, లేకపోతే మిశ్రమం ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది. కుండీ అడుగు నీళ్లకు తగలకూడదు.

ఇప్పుడు పూత. మా వంటింటి కిటికీ తూర్పుకు ఉంది, పొద్దుటి ఎండ ఓ రెండు గంటలు పడుతుంది. వీటికి అంతకంటే మంచి చోటు లేదు. ఉత్తరం కిటికీ కూడా సరిపోవచ్చు. దక్షిణం, పడమరలైతే పల్చటి తెల్ల కర్టెన్ కావాలి. వెలుతురు చాలుతోందా లేదా అన్నది మొక్కే చెబుతుంది. ఆకు కాడలు పొడుగై పైకి చాస్తుంటే, ఆకు ముదురుపచ్చగా చూడముచ్చటగా ఉన్నా మొగ్గ లేకపోతే, వెలుతురు చాలట్లేదు. ఆకులు పాలిపోయి, కుండీని కౌగిలించుకున్నట్టు కిందికి వంగి, నడుమ బిగుసుకుపోతే ఎక్కువైంది. సరిగ్గా ఉన్నప్పుడు ఆకులు విస్తరిలా బల్లపరుపుగా పరుచుకుంటాయి. నాలుగైదు రోజులకోసారి కుండీని పావు వంతు తిప్పండి, లేకపోతే ఒకవైపే ఒరుగుతుంది. దోమల మెష్ మీద దుమ్ము పడితే వెలుతురు ఎంత తగ్గుతుందో చాలామంది గమనించరు. మెష్ కడిగిన కొన్ని వారాలకే మొగ్గలేసిన మొక్క నా దగ్గర ఉంది.

జూన్ నుంచి మబ్బులు కమ్ముకుంటే కిటికీ చాలదు. పుస్తకాల రాక్ అరలో 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ బిగించి, ఆకుల నుంచి అడుగు ఎత్తున ఉండేలా చూసి, టైమర్ ప్లగ్గుతో 12 గంటలు వెలిగిస్తాను. ఖరీదైన గులాబీ రంగు గ్రో లైట్లు కొనాల్సిన పని లేదు. రాత్రి మాత్రం చీకటి ఉండాలి, కనీసం ఎనిమిది గంటలు. రాత్రంతా లైటు వెలిగే హాల్లో పెట్టి పూయలేదంటే ఎలా పూస్తుంది?

ఎరువు 19-19-19 చాలు, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉండి నీళ్లలో కరిగేది. లీటరు నీళ్లకు పావు గ్రాము కలిపి, మొక్క ఆరోగ్యంగా ఉంటే ప్రతి తడికీ ఇవ్వొచ్చు. మొవ్వు నూగు మీద తుప్పులాంటి పలుకులు కనిపిస్తే మోతాదు మించింది, ఆపి మంచినీళ్లతో కడగండి. వాడిన పూలు కాడతో సహా తుంచండి. ఆకు సందుల్లోంచి పిలకలు వస్తే చిన్నప్పుడే పెన్సిల్ మొనతో గిల్లేయండి, తీగ రకాలకు తప్ప. పిలకలు పెరిగితే మొక్క గుబురవుతుంది గానీ పూత పడిపోతుంది. మామిడిపండ్లు మగ్గబెట్టే గదిలో వీటిని ఉంచకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు, మొగ్గలు రాలిపోతాయి.

చీడలు తక్కువే. పిండినల్లి కనబడితే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో అద్దాలి. పూరేకుల మీద పసుపు పుప్పొడి చల్లినట్టుంటే తామర పురుగు, అప్పుడు మనసు గట్టి చేసుకుని పూలూ మొగ్గలూ అన్నీ తీసేయాలి. మొవ్వులో ఆకులు ముడుచుకుని బూడిదరంగు నూగుతో గిడసబారితే అది నల్లి. ఆ మొక్కను కవర్లో కట్టి పారేసి, చేతులు కడుక్కున్నాకే మిగతావాటిని ముట్టుకోండి. వానాకాలంలో ఆకుల మీద తెల్ల పొడిలా వచ్చే బూడిద తెగులుకు కుండీల మధ్య ఎడం, కొంచెం గాలి ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక ఆకు నుంచి కొత్త మొక్క చేసుకోవచ్చు. మరీ ముదురూ మరీ లేతా కాని, నడి వరస ఆకు తీసుకోండి. కాడ అంగుళంన్నర ఉంచి, బ్లేడుతో ఏటవాలుగా కొయ్యండి. ఆ కోత ఎంత వెడల్పుంటే పిల్లలు రావడానికి అంత చోటు. తడి మిశ్రమంలో ముప్పావు అంగుళం లోతున గుచ్చి, మూత ఉన్న పారదర్శక డబ్బాలో వెలుతురున్న నీడలో ఉంచండి. రెండు మూడు నెలల్లో కాడ మొదట్లో ఎలుక చెవులంత ఆకులు లేస్తాయి. అవి రూపాయి బిళ్లంత అయ్యాక విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో చిన్న కప్పులో నాటాలి. ఆకు గుచ్చిన నాటి నుంచి పూతకు తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుంది. పూరేకుల మీద గాలిమరలా చారలుండే కైమెరా రకాలు మాత్రం ఆకు నుంచి అదే పువ్వు ఇవ్వవు. అవి కావాలంటే ఎవరి దగ్గరైనా ఆకు కాకుండా పిలక అడగండి.