ఓపెన్ సోర్స్ మీద కట్టిన క్లోజ్డ్ సాఫ్ట్‌వేర్: సమస్య - పరిష్కారం

ఓపెన్ సోర్స్ కోడ్ (సోర్సు, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, అందరికీ తెరిచి ఉంచినది) వాడుకుని, తమ సోర్స్ బయటపెట్టని ఉత్పత్తి తయారుచేయడం తప్పేమీ కాదు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సులు అందుకు ఒప్పుకుంటాయి. తీసుకున్నవారు ఇవ్వాల్సింది ఇవ్వనప్పుడే చిక్కులు వస్తాయి.

సమస్య: "మీ పరికరంలో మా కోడ్ ఉంది, సోర్స్ ఇవ్వండి" అని ఉత్తరం వచ్చింది.

కారణం: ఉత్పత్తిలో జీపీఎల్ కోడ్ (ఉత్పత్తితోపాటు సోర్సు కూడా ఇవ్వాలనే లైసెన్సు ఉన్న కోడ్) చేరిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చాలాసార్లు అది చిప్ తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్‌తోపాటే వచ్చేస్తుంది.

పరిష్కారం: వాదనకు దిగకండి. బైనరీ (పరికరంలో నడిచే తయారైన ఫైలు) మీద స్ట్రింగ్స్ కమాండ్ నడిపి, అందులో దాగిన అక్షరాలు చూడండి. బిజీబాక్స్ (చిన్న పరికరాల్లో విరివిగా వాడే జీపీఎల్ సాఫ్ట్‌వేర్) పేరు, వెర్షన్ నంబరు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. సరిగ్గా ఆ వెర్షన్ సోర్సు, మీరు చేసిన మార్పులు, బిల్డ్ స్క్రిప్టులు అన్నీ కలిపి ఇవ్వండి. తొలిసారి ఉల్లంఘించినవారు నోటీసు అందిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే జీపీఎల్ మూడో వెర్షన్ హక్కులను తిరిగి ఇస్తుంది. రెండో వెర్షన్‌లో ఆ వెసులుబాటు లేదు. 2003లో జీపీఎల్ కారణంగానే లింక్‌సిస్ తన డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ సోర్సు ఇవ్వక తప్పలేదు. రూటర్ల కోసం వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది దాని నుంచే.

సమస్య: ఎంఐటీ కోడ్ వాడాం, రచయిత పేరు ఎక్కడా లేదు.

ఆ లైసెన్సు పెట్టే షరతు ఒక్కటే: కాపీరైట్ నోటీసు, లైసెన్సు పాఠం ఉంచాలి. ఈరోజే చేర్చండి.

సమస్య: వాడుకున్న ప్రాజెక్టు కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మన సవరణలు పనిచేయడం లేదు.

దోషాలు సరిచేసి, ఆ సవరణలను మీ దగ్గరే దాచుకున్నారు. మీ వ్యాపారానికి ప్రాణమైన భాగాన్ని వేరే మాడ్యూల్‌లో ఉంచుకుని, మిగిలినవి అసలు ప్రాజెక్టుకు పంపండి, అదీ చిన్న చిన్న ముక్కలుగా. సఫారీ బ్రౌజర్ కోసం కేడీఈ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచి కేహెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు చూపే ఇంజిన్) తీసుకున్న ఆపిల్, తన మార్పులన్నీ ఒకేసారి కుప్పపోయడంతో కేడీఈ డెవలపర్లు వాటిని కలుపుకోలేక అవస్థపడ్డారు.

సమస్య: మనం ఆధారపడిన లైబ్రరీలో భద్రతా లోపం బయటపడింది, చూసుకునేవారు లేరు.

కారణం: అందరూ వాడుకున్నారు, ఎవరూ పోషించలేదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడేనాటికి, అది ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి విరాళాలుగా అందేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లే. ప్రపంచంలోని సురక్షిత వెబ్‌సైట్లలో పెద్ద భాగం దాని మీదే నడిచేది. లైసెన్సు ప్రకారం ఎవరూ తప్పు చేయలేదు, నన్ను అన్నిటికన్నా కలచివేసేది అదే.

పరిష్కారం: మీ ఉత్పత్తిలోని లైబ్రరీల జాబితా తీయండి. ఒకరిద్దరి భుజాల మీదే నడుస్తున్నవాటిని గుర్తించండి. వాటికి ఏటా బడ్జెట్‌లో పద్దు పెట్టండి, మీ ఇంజినీర్ల పనివేళల్లో కొంత కేటాయించండి. లోపం కనిపిస్తే ముందు రహస్యంగా, వీలైతే సవరణతో సహా తెలియజేయండి. ఎప్పటిలోగా సరిచేస్తారని గద్దించకండి. ఏ హామీ లేకుండా ఇస్తున్నామని వారు లైసెన్సులోనే రాసి ఇచ్చారు.